బీరవ్వ పెట్టిన జాజు గుర్తు

మబ్బు పట్టకముందే మా ఇంట్లో దండెం మీది బట్టలు లోపలికి వచ్చేస్తాయి. నా కుడి మణికట్టు సలపడం మొదలుపెడితే చాలు, మా కోడలు ఆకాశం వంక కూడా చూడదు. "మామయ్యా, ఎంతసేపట్ల పడతది వాన?" అని నన్నే అడుగుతుంది. రేడియో చెప్పే వాతావరణం అప్పుడప్పుడు తప్పుతుంది గాని, నా చెయ్యి ఇంతవరకు తప్పలేదు. నిన్న మధ్యాహ్నం కూడా అంతే. సలుపు మొదలైంది, బట్టలు లోపలికి వచ్చాయి, కాని ఎండకు వేసిన పాత గొంగడి సంగతి అందరం మర్చిపోయాం. తెచ్చేలోపు సగం తడిసింది. ఉన్ని, పొగ, మట్టి, మేకపాలు అన్నీ కలిసి నానితే వచ్చే ఆ వాసన ముక్కుకు తగిలేసరికి, వెనకనుంచి ఎవరో గట్టిగా అరిచినట్టయింది: "లెవ్వకు పంతులూ, లెవ్వకు!"

అరిచిన మనిషి పోయి చాలా ఏళ్ళయింది. అయినా కుర్చీలోంచి లేవబోతున్నవాణ్ణి మళ్ళీ కూర్చున్నాను.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. యాభైల చివర్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, నన్నొక పొట్టేలు కుమ్మింది. కుమ్మించుకున్నందుకు నేను ముందు పొట్టేలుకు క్షమాపణ చెప్పుకున్నాను. తర్వాత దాని యజమానికి చెప్పుకున్నాను. మూడోనాడు, నాకు దెబ్బే తగల్లేదన్న కాగితం మీద సంతకం పెట్టిచ్చాను, అది కూడా కుడిచెయ్యి కదలక ఎడమచేత్తో. చెయ్యి తిరిగిన రచయితలని కొందరిని మెచ్చుకుంటూ ఉంటారు. నా చెయ్యి కూడా తిరిగింది, నిజంగానే, మణికట్టు దగ్గర కాస్త పక్కకు. దాన్ని గురించి ఎవరినీ అనడానికి లేదు. చేతులారా చేసుకున్నది.

మాది హుజూర్‌నగర్ వైపు. మహబూబ్‌నగర్ జిల్లాలో, కొత్తకోటకు నాలుగు మైళ్ళ లోపల ఒక ఊళ్ళో తాత్కాలికపు పంతులు ఉద్యోగం దొరికిందంటే, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళాను. తాత్కాలికం అన్న మాట ఆ ఉత్తర్వులో మూడుసార్లు ఉంది. ఒక్కసారి చెప్తే వీడు మర్చిపోతాడనుకున్నారు కాబోలు. ఏడాది తిరిగాక ఇన్‌స్పెక్టరు వచ్చి, బడి చూసి, మంచిమాట రాస్తే కొలువు ఖాయం. లేకపోతే ట్రంకుపెట్టె మళ్ళీ నెత్తికెక్కుతుంది. ఇంటిదగ్గర మా నాయినకు చూపు తగ్గి నాగలి పట్టడం మానేశాడు. ఇక ఇల్లు నడవవలసింది నా చాక్‌పీసు మీదనే.

ఆ ఊళ్ళో నాకు తల దాచుకోవడానికి జాగా ఇచ్చింది బీరవ్వ. కురుమల ఆడమనిషి, అరవై దాటిన వయసు. భర్త పోయాడు, కూతుళ్ళు అత్తవారిళ్ళకు పోయారు. మిగిలింది గొర్రెల మంద, రాళ్ళగోడ దొడ్డి, వీధివైపు ఒక గది. ఆ గది నాది. భుజాన గొంగడి, చేతిలో కర్ర, నోట్లో ఎవరినో ఒకరిని తిడుతున్న మాట, ఈ మూడూ లేకుండా ఆమెను నేను చూడలేదు. చెంబు ఎడంపక్క పెట్టానని తిట్టేది, తలుపు ఓరగా వేశానని తిట్టేది, తిడితే మాట్లాడలేదని తిట్టేది. మొదటి నెలంతా నామీద కోపమనుకున్నాను. కోపం వస్తే ఆమె అసలు మాట్లాడదని తర్వాత తెలిసింది.

ఒకరోజు సాయంత్రం మంద తిరిగి వస్తుంటే ఒక గొర్రె రాళ్ళ సందులో కాలు పడి కూలబడింది. నేను పరుగెత్తి లేపబోయాను. కర్ర వచ్చి నా చేతికి అడ్డం పడింది.

"లేపకు."

"పాపం అవ్వా, పడిపోయింది."

"పడ్డది నాకూ కనవడ్డది. అదే లేస్తదో లెవ్వదో సూడు. ఏ కాలు మోపుతలేదో సూడు. నువ్వు లేపితె నీ బలం కనవడ్తది గని దాని దెబ్బ కనవడ్తదా?"

కాసేపటికి గొర్రె తనంతట తానే లేచి మూడు కాళ్ళమీద నిలబడింది. అప్పుడుగాని ఆమె దాని దగ్గరికి పోలేదు. వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టాక, గోడలకు పూసే ఎర్రటి జాజు చిప్పలో కలుపుకుని వచ్చి, గొర్రె వీపుమీద అడ్డంగా ఒక పట్టె గీసింది. ఎందుకని అడిగాను. "రేపటికి నేను మర్సిపోత. తోలెటోడు మర్సిపోతడు. గొర్రె సుత మర్సిపోయి ఉరుకుతది. జాజు మర్వదు," అంది. తర్వాత ఒక నల్ల ఉన్నిదారం తీసి ఒక ముడి వేసి గుంజకు కట్టింది. రోజుకొక ముడి. ఏనాడు దెబ్బ తగిలింది, ఏనాడు వాపు దిగింది, ఏనాడు కాలు మోపింది, అన్నీ ఆ ముడులమీదే చెప్పేది. అక్షరం రాదు గాని, ఆమె దగ్గర మందకొక చరిత్ర ఉండేది. నేను అంతా విన్నాను, తల ఊపాను, చక్కగా మర్చిపోయాను. ఎంత చెప్పినా గొర్రెల సంగతి కదా, నేను పంతుల్ని కదా అని.

ఇక పొట్టేలు. అది పటేలుది. పేరు బాద్షా. మెలితిరిగిన కొమ్ములు, మెడలో ఇత్తడిగంట, ఊరంతా తన జాగీరన్నట్టు నడక. అంతకుముందే ఒక కుమ్మరాయన్ని, నీళ్ళకు పోతున్న ఒకావిడను కుమ్మింది. ఇంకొక మనిషిని కుమ్మితే మైసమ్మకు కోస్తామని ఊరిపెద్దలు చావడిలో తీర్పు చెప్పారు. పటేలు సరేనన్నాడు. నాలుగు రోజులు కట్టేశాడు, అయిదోరోజు విడిచిపెట్టాడు.

ఆ సోమవారం పొద్దున బడికి బయలుదేరి, వీధిలో జేబులోంచి జారిన చాక్‌పీసు కోసం వంగాను. వంగిన మనిషి కనబడితే బాద్షాకు ఎవరో సవాలు విసిరినట్టే. గంట చప్పుడు వినబడింది, ఆ తర్వాత నేల వచ్చి మొహానికి తగిలింది. కుడిచెయ్యి కింద పడింది. లోపల పచ్చికట్టె విరిగినట్టు చిన్న చప్పుడు. ఎదురుగా బడి అరుగుమీద నలభైమంది పిల్లలు. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత నలభై నోళ్ళతో నవ్వారు.

"లెవ్వకు పంతులూ, లెవ్వకు! అట్లనే ఉండు!" దొడ్డిలోంచి బీరవ్వ కేక.

నలభైమంది ముందు పడినవాడు పడినచోట ఉంటాడా? గొర్రెలకున్న నిదానం పంతుళ్ళకు ఉండదు. దిగ్గున లేచాను, ధోవతి దులుపుకున్నాను, ఎదురుగా నిలబడి నన్ను వింతగా చూస్తున్న పొట్టేలుతో, "మాఫ్ చెయ్యి, సూసుకోలే," అన్నాను. అలవాటు. దారిలో ఎవరు తగిలినా ముందు నా నోట్లోంచి వచ్చేది అదే. ఈలోపు పటేలు తన ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. "ఏమైంది సారూ?" అన్నాడు. "ఏం గాలేదు పటేలా, నాదే తప్పు," అన్నాను.

బీరవ్వ వీధిలోకి వచ్చింది. "ఏం గాలేదని నువ్వెట్ల జెప్తవ్? చెయ్యి జెప్పాలె. చెయ్యినడిగినవా?"

అడగలేదు. బడికి పోయి హాజరుపట్టీలో వణుకుతున్న చేత్తో సంతకం పెట్టాను. నల్లబల్ల మీద లెక్క రాయబోతే చాక్‌పీసు మూడుసార్లు జారింది. ప్రతిసారీ పిల్లలు కిటికీలోంచి బాద్షా వస్తోందేమోనని చూసి, తర్వాత నేను వంగడం చూశారు.

సాయంత్రానికి ఊరంతా పరామర్శకు వచ్చింది. మన ఊళ్ళలో దెబ్బ తగిలినవాడికి కొదవలేనిది వైద్యులు. ఒకాయన చింతపండు ఉప్పు పట్టు వేశాడు. ఇంకొకాయన అది తుడిచేసి జిల్లేడాకు కాచి వేశాడు. ఇంకొకావిడ కోడిగుడ్డు తెచ్చింది. మంగలాయన వచ్చి, నరం ఎక్కింది, దించుతానని కూర్చుని ఆముదం రాసి లాగాడు. కళ్ళముందు నక్షత్రాలు లేచాయి. "హాయిగున్నదా సారూ?" అన్నాడు. కాదంటే ఏమనుకుంటాడో అని, కళ్ళనీళ్ళు కారుతుండగా, "మస్తు హాయిగున్నది," అన్నాను. సంతోషపడి ఇంకోసారి లాగాడు.

గొర్రెలను దొడ్డిలో తోలి బీరవ్వ లోపలికి వచ్చేసరికి నా చెయ్యి నాలుగో మనిషి ఒళ్ళో ఉంది. "నీదేమన్న చెయ్యా, పొగ పీల్చే చిలుమా? అందరి చేతులు తిరుగుతున్నది!" అని అరిచింది. పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెళ్ళిపోయారు. ఆమె నా చెయ్యి ముట్టుకోలేదు. దీపం దగ్గరికి జరిపి చూసింది.

"వేళ్ళు మడువు."

మడవబోయాను. రెండు మడిచినట్టే మడిచి ఆగిపోయాయి.

"రేపు దవాఖానకు పో."

"నువ్వే కట్టరాదా అవ్వా? ఎన్ని గొర్రెలకు కట్టలేదు!"

"గొర్రె కాలు నడిస్తె సాలు. నీ చెయ్యి రాయాలె. రాసే చెయ్యి నాకు దెల్వది. దెల్వనిది నేను ముట్ట."

అంతమంది తెలిసినవాళ్ళు ముట్టుకున్నాక, తెలియదని చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆమె. అది చాలదా నాకు బుద్ధి రావడానికి? చాల్లేదు. వచ్చే వారం ఇన్‌స్పెక్టరు వస్తాడు, సెలవు పెడితే ఏమనుకుంటాడో, కొలువు ఉంటుందో ఊడుతుందో. "సూద్దాం అవ్వా," అన్నాను. మనం చూద్దాం అన్నప్పుడు అందులో చూపు ఉండదు.

మంగళవారం చెయ్యి సొరకాయంత అయింది. హాజరుపట్టీలో ఎడమచేత్తో సంతకం పెట్టాను. ఎడమచేత్తో నల్లబల్ల మీద రాస్తే పిల్లలు అది ఉర్దూ అనుకుని కుడినుంచి చదవడం మొదలుపెట్టారు. బుధవారం మధ్యాహ్నం, బీరవ్వ మందతో బీళ్ళలో ఉన్న సమయం చూసుకుని, పటేలు స్వయంగా మా గదికి వచ్చాడు. చేతిలో చల్లముంత, చంకలో కాగితం. మంచంమీద నా పక్కనే కూర్చున్నాడు. ఊరి పటేలు తాత్కాలికపు పంతులు మంచంమీద కూర్చోవడమంటే మాటలా? నేను మంచం అంచుకు, అక్కడినుంచి గోడకు జరిగాను.

"సారూ, నువ్వు సదువుకున్నోనివి. మూగజీవం ఉసురు నీకెందుకు? ఊరోళ్ళు బాద్షాను కోద్దామంటున్నరు. నిన్ను కుమ్మలేదని, నువ్వే జారి పడ్డవని, నీకేం దెబ్బ తాకలేదని ఒక్క ముక్క రాసియ్యి."

"రాత మీరే రాసినట్టున్నరు గద పటేలా."

"నీకు తక్లీఫెందుకని రాపిచ్చిన. సంతకం ఒక్కటి వెట్టు."

ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చి, చల్ల తెచ్చి, మూగజీవాన్ని కాపాడమంటే కాదని ఎలా అంటాం? ఎడమచేత్తో పెట్టాను. చల్ల బాగుంది, ఆ మాట ఎందుకు దాచాలి.

ఆ సాయంత్రం ముంత చూసి బీరవ్వ అడిగింది. చెప్పాను. ఆమె గడపమీద కూర్చుండిపోయింది, ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. అప్పుడు భయం వేసింది.

"పెద్దమనిషి ఇంటికొచ్చి అడిగె గదా అవ్వా," అన్నాను.

చాలాసేపటికి నోరు విప్పింది. "అడిగితె? రేపొచ్చి చెయ్యి కోసిమ్మని అడిగితె కత్తి సుత నువ్వే నూరిస్తవా? నొప్పి ఉన్నోడు మాటియ్యద్దు బిడ్డా. ఎవ్వలికియ్యద్దు. నొప్పి ఎప్పుడు తీర్తదా అని సూస్తడు గని ఏం మాటిస్తున్నడో సూడడు."

గురువారం తెల్లారకముందే జాజు చిప్పతో వచ్చింది. నాకున్న రెండు తెల్లచొక్కాల్లో మంచిది తొడుక్కుని ఉన్నాను. కుడిచేతి మీద భుజంనుంచి మోచేతి దాకా ఒక్క పట్టె గీసింది. "అవ్వా, నేను గొర్రెనా?" అని మొత్తుకున్నాను. "గొర్రెకు ఇంత జెప్పే పని లేదు," అంది. ఆ వేషంతో నన్ను ఊరి నడిమినుంచి నడిపించింది. సిగ్గుతో చచ్చాను గాని, ఒక వింత జరిగింది. ఆ ఊళ్ళో జాజు గుర్తు తెలియనివాళ్ళు లేరు. ఎదురొచ్చిన మంగలాయన గుర్తు చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎవరూ పట్టుకోలేదు, నొక్కలేదు, ఎలా ఉందని ఊపలేదు. కొత్తకోట బండిలో జనం జరిగి జాగా ఇచ్చారు. మూడు రోజులుగా నేను నోటితో చెప్పలేని మాట ఒక ఎర్రపట్టె చెప్పింది.

దవాఖానలో డాక్టరు ఏమైందని అడిగాడు. "ఏం లేదండీ, కొద్దిగా..." అని మొదలుపెట్టాను. నేలమీద కర్ర టక్కుమంది. బీరవ్వ నడుముకున్న వక్కలసంచిలోంచి నల్లదారం తీసింది. నాలుగు ముడులు. ఆమె నాకు తెలియకుండా నాక్కూడా వేస్తోంది!

"ఇది సోమారం. పొట్టేలు కుమ్మింది, కుడి చెయ్యి కింద వడ్డది, పొద్దుమీకి రెండు వేళ్ళు మడవలే. గదే పొద్దుమీకి మంగలాయన గుంజిండు, రెండుసార్లు. ఇది మంగళారం. వాపు మోచెయ్యి దాక ఎక్కింది. ఇది బేస్తారం ముందటిది, బుదారం. వేళ్ళకు తిమ్మిరి. ఇది ఇయ్యాల."

డాక్టరు రాసుకుంటూ ఆగి, నావైపు చూశాడు. "ఏం చదువుకున్నారు మీరు?" అన్నాడు. చెప్పాను. "అయితే ఈమె దగ్గర ఇంకొంచెం చదువుకోండి," అన్నాడు. మొదటిరోజే వస్తే చెయ్యి తిన్నగా అతుక్కునేదని, లాగుడుకు ఎముక పక్కకు జరిగిందని, ఇప్పుడు అతుకుతుంది గాని కొంత వంకర మిగులుతుందని చెప్పాడు. పట్టీ వేసి, ఆరు వారాలు బరువు ఎత్తవద్దని చీటీ రాశాడు. చీటీ నా చేతికి రాబోతుంటే బీరవ్వ మధ్యలోనే అందుకుని వక్కలసంచిలో పెట్టుకుంది. "నీ దగ్గరుంటె ఎవలన్న చల్ల దెచ్చి అడుగుతరు," అంది.

నేను చీటీలో ఉన్నట్టే రాసి సెలవు అర్జీ పంపాను, పొట్టేలు కుమ్మి చెయ్యి విరిగిందని. వారం తిరక్కముందే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బడి చూసి చావడిలో కూర్చుని నన్ను పిలిపించాడు. వెళ్ళేసరికి పటేలు పక్కనే ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు ముందు రెండు కాగితాలున్నాయి, రెండూ నావే.

"ఇందులో చెయ్యి విరిగిందన్నావు. ఇందులో దెబ్బే తగల్లేదన్నావు. ఏది అబద్ధం?"

"పంతులు మంచోడే సారూ," అన్నాడు పటేలు తియ్యగా. "అటెన్క ఏడ్నో వడ్డట్టుండు. బండి మీదికెళ్ళి గిట్ట. సెలవు కోసం నా పొట్టేలు మీద వెట్టిండు."

దొంగసెలవు పెట్టిన తాత్కాలికపు పంతులుకు రెండో మాట ఉండదు. నా కళ్ళముందు ట్రంకుపెట్టె కనబడింది, దాని వెనక మా నాయిన మసకకళ్ళు కనబడ్డాయి. చెప్పవలసినదంతా గొంతులో ఉంది. బయటికి వచ్చింది మాత్రం, "మాఫ్ చెయ్యండి," అనే.

"మల్ల మాఫా!" బయటినుంచి వినబడింది. బీరవ్వ చావడి మెట్లెక్కుతోంది. చంకలో బడి హాజరుపట్టీ. ఎవరినడిగి తెచ్చిందో నాకిప్పటికీ తెలియదు. దాన్ని తలకిందులుగా ఇన్‌స్పెక్టరు ముందు పెట్టింది.

"సారూ, నాకు సదువు రాదు. పంతులు దినాం దీంట్ల గీకుతడని దెల్సు. గీ గీకుడు జర జూడుండ్రి."

ఇన్‌స్పెక్టరు పుస్తకం తిప్పుకుని చూశాడు. శనివారం దాకా ముత్యాల్లాంటి సంతకాలు. సోమవారం వణికిన సంతకం. మంగళవారం, బుధవారం కోడి కెలికినట్టున్నవి. తర్వాత పటేలు ఇచ్చిన కాగితం తీసి, కింద నా చేవ్రాలు చూశాడు. అదే కోడి, అదే కెలుకుడు.

"పటేలుగారూ, ఈ సంతకం ఏ చేత్తో పెట్టాడు?"

పటేలు భుజంమీది కండువా సర్దుకున్నాడు.

"దెబ్బే తాకనోడు పుర్రచేత్తోని ఎందుకు వెడ్తడు సారూ?" అంది బీరవ్వ. ఆ తర్వాత నల్లదారం తీసి ముడులు, వక్కలసంచిలోంచి డాక్టరు చీటీ తీసి దాని తేదీ, ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. ఇన్‌స్పెక్టరు కాసేపు దారాన్ని, కాసేపు పుస్తకాన్ని చూసి నవ్వడం మొదలుపెట్టాడు. సెలవు అర్జీమీద సంతకం చేశాడు. మరుసటి ఏడు కొలువు ఖాయమైంది. ఉత్తర్వులో తాత్కాలికం అన్న మాట వెతికాను, ఒక్కసారి కూడా లేదు.

బాద్షాను మైసమ్మకు కోయాలని కుర్రకారు లేచారు. అడ్డం పడింది కూడా బీరవ్వే. "కుమ్ముడు పొట్టేలుకు పుట్టుక తోటి వచ్చింది. కట్టెయ్యనోని తప్పుకు దాని మెడెందుకు?" పటేలు చేతే అందరి ముందు గొలుసు వేయించింది.

ఆ ఆరు వారాలు ఆమెతో నేను పడిన పాట్లు వేరే చెప్పాలి. కడవ ముట్టుకుంటే కర్ర. పట్టీ లోపల దురద పెడితే చీపురుపుల్ల దూర్చాను, పుల్ల లాక్కుని నన్ను కాక పుల్లను విరిచింది. నొప్పి తగ్గింది కదా అని పట్టీ ముందే తీయించుకుంటానంటే, "నొప్పి పోంగనే బాగైందనుకునేటోడు గొర్రె కన్న అద్వాన్నం," అంది. వారానికోసారి చొక్కామీద జాజు వెలిసిందని మళ్ళీ గీసింది. పట్టీ విప్పాక మణికట్టు ఒక పక్కకు తిరిగి ఉంది. నేను దిగులుగా చూసుకుంటుంటే, "సొట్ట వోయిన చెంబుల నీళ్ళు నిలుస్తలేవా?" అంది. ఆ సొట్టచేత్తోనే ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాశాను. బళ్ళో ఏ పిల్లవాడు కిందపడినా లేపడానికి పరుగెత్తలేదు. పక్కన కూర్చుని, ఏ కాలు మోపడం లేదో చూశాను. రాతిగుండె పంతులనే పేరొచ్చింది. పోనీ.

అయితే ఆ చొక్కా సంగతి మాత్రం నేను మర్చిపోలేదు. ఊరి నడిమినుంచి నన్ను గొర్రెలా నడిపించిన ఆ పొద్దు కడుపులో అలాగే ఉండిపోయింది.

తర్వాత నాకు నల్లగొండ జిల్లా కేతేపల్లికి బదిలీ అయింది. అరవైల్లో ఒక ఎండాకాలం సెలవుల్లో బీరవ్వను చూడటానికి వెళ్ళాను. డెబ్భై దాటినా దొడ్డిగోడ ఎక్కి ముళ్ళకంప సర్దుతోంది. నన్ను చూసి, సన్నబడ్డానని తిట్టబోయి, కాలు జారి ఇవతలికి పడింది. ఎడమచెయ్యి కింద పడింది. ఆ పచ్చికట్టె చప్పుడు నాకు తెలుసు.

"ఏం గాలే," అంటూ లేవబోయింది. "ఏం గాలే, జర కాలు జారింది."

"లెవ్వకు!" అన్నాను. ఊరంతా వినబడేలా అన్నాను. పదేళ్ళుగా దాచుకున్న కేక అది. "ఏం గాలేదని నువ్వెట్ల జెప్తవ్? చెయ్యినడిగినవా?"

పరామర్శకు వచ్చినవాళ్ళలో ఒకావిడ చెయ్యి పట్టుకోబోతే, "చెయ్యా, చిలుమా?" అన్నాను. లోపలికి పోయి, గోడ మూలన జాజు చిప్ప ఎక్కడుంటుందో నాకు తెలుసు కనుక, నీళ్ళు పోసి కలిపి తెచ్చాను. భుజంనుంచి మోచేతి దాకా, చీర కొంగుమీదుగా, నా వంకరచేత్తో ఒక పట్టె గీశాను. తిన్నగా రాలేదు. వెడల్పుగా మాత్రం వచ్చింది. గొర్రెలు కూడా తలలెత్తి చూశాయి.

బండి కట్టించి, గడ్డిమీద పడుకోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. ఊరు దాటింది, వాగు దాటింది. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. రెండు మైళ్ళు పోయినా మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోతే అర్థమేమిటో నాకు తెలుసు. డెబ్భై ఏళ్ళ మనిషిని గొర్రెను చేసి ఊరేగించాను కదా అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

మూడో మైలురాయి దగ్గర, కళ్ళు మూసుకునే, అడిగింది. "ముడేసినవా?"

జేబులోంచి నల్లదారం తీసి ఆమె మంచి చేతికి ఇచ్చాను. వేళ్ళతో తడిమి చూసింది.

"ఇది ముడా? ఇంత వదులేస్తె రేపటికి ఉంటదా? ముప్పై మందికి సదువు జెప్తవట, ఒక్క ముడి వెయ్యరాదు! గట్టిగెయ్యి. జాజు గింత చిక్కగ కల్పుతరా ఎవలన్న? కొత్త చీర ఖరాబు జేసినవ్. ఆ బండి జర మెల్లగ తోలుమను, నీ పెండ్లికి వోతున్నమా..."

కొత్తకోట దాకా ఆపకుండా తిట్టింది. నేను ముడి బిగించుకుంటూ, హాయిగా విన్నాను.